బావమరిది కనిపెట్టిన నిమ్మళం

ఆ కాలేజీలో మనుషులకి జ్వరం వస్తే ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకునేవాళ్ళు. సమీకరణాలకి జ్వరం వస్తే మాత్రం కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న కంప్యూటర్ గదికి మోసుకొచ్చేవాళ్ళు. అక్కడ ఆయన కూర్చుని ఉండేవాడు. ఆయనకీ అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉంది గానీ, జీతం ఇచ్చే గుమస్తా తప్ప దాన్ని ఎవరూ నోట పలికిన పాపాన పోలేదు. అందరికీ ఆయన గీతల డాక్టరు.

పనేమిటంటే, పై అంతస్తులో ఫిజిక్సు సార్లు ఊగే గుండు గురించీ, చల్లారే నీళ్ళ గురించీ, పైకి విసిరిన రాయి గురించీ సమీకరణాలు రాస్తారు. వాటిని లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొట్టి మీట నొక్కితే తెర మీద గీత రావాలి. వచ్చిందా, వాళ్ళ గొప్ప. రాలేదా, సాఫ్ట్‌వేర్ తప్పు. అప్పుడు కాగితం చేత పట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా మొహం వేలాడేసుకుని కిందికి దిగేవాళ్ళు.

"డాక్టరుగారూ, ఖాళీ పెట్టె వస్తోందండీ. లోపల గీతే లేదు."

"పొద్దున్నుంచీ దానికి ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదండీ."

"చెప్పారు. పొద్దున వేరే లెక్కేదో చేస్తూ ఎక్స్ అంటే మూడు అన్నారు. ఇప్పుడేమో ఎక్స్‌ని సున్నా నుంచి పది దాకా నడవమంటున్నారు. అది పాపం ఇంకా మూడు దగ్గరే నించుని ఉంది. గుమ్మం దాటొద్దని పొద్దున చెప్పి, బజారుకెందుకు వెళ్ళలేదని సాయంత్రం కోడల్ని సాధించే అత్తగారిలా ఉన్నారు మీరు."

పాత మాట చెరిపేస్తే గీత బుద్ధిగా వచ్చేది. ఇంకొకాయన ఊగే గుండు గీత తెచ్చేవాడు. అది ఊగకుండా, తాగినవాడిలా తూలుతూ ఉండేది.

"కోణం డిగ్రీల్లో ఇచ్చారు. ఇది రేడియన్లు తప్ప ముట్టదు."

"అదేంటండీ, పిల్లలకి మేం డిగ్రీల్లోనే చెప్తాంగా?"

"పిల్లలు మీరేం పెట్టినా మింగుతారు. దీనికా అలవాటు లేదు."

మరొకాయన గీతలో నిట్టనిలువుగా గోడలు లేచేవి. "అక్కడ గోడ లేదండీ" అని డాక్టరు ఓపిగ్గా చెప్పేవాడు. ఓపిక అంటే అవతలివాడికి ఒళ్ళు మండేంత ఓపిక. "సాఫ్ట్‌వేర్ గీతలు గీయదు, చుక్కలు పెడుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. మధ్యలో ఏముందో దానికి తెలీదు. తెలీకపోయినా రెంటినీ కలిపేస్తుంది, సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలాగా."

ఆయనా పైవాళ్ళ చదువే చదివాడు. పైన కుర్చీలన్నీ నిండిపోయాక వచ్చాడు, అంతే. ఆ సంగతి తను ఎప్పుడో మర్చిపోయానని చెప్పుకునేవాడు. రోజుకొకసారైనా చెప్పుకునేవాడు.

ఆయన జన్మలో సాధించిన ఘనకార్యం ఒకటుంది. గదిలో ఉన్నది ఒకే ఒక్క ముసలి కంప్యూటర్. మీట నొక్కి, వెళ్ళి టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా అది ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. డాక్టరు ఒకనాడు దాని పొట్టలోకి దూరి, సాఫ్ట్‌వేర్ నిద్ర లేవగానే మొదట చదువుకునే ఫైలులో ఒక లైను చేర్చాడు. ఏ గీతకైనా సరే, ఇక మీదట ఎక్కువ చుక్కలు పెట్టక్కర్లేదు, ఇవి కొన్ని చాలు అని. ఆ మర్నాటి నుంచి మీట మీద వేలు పెట్టడం ఆలస్యం, గీత ఎదురొచ్చేది. ప్రిన్సిపాల్ మీటింగులో మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు తలుచుకుని డాక్టరు చాలాకాలం బతికాడు. "అది కంప్యూటర్ కాదు, నేను మేపిన గుర్రం" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. చివరికి ఆయన్ని చూస్తే జనం పక్క మెట్లెక్కి పోయేవాళ్ళు.

ఆయన భార్యకి ఒక తమ్ముడున్నాడు. అదే కాలేజీలో, పై అంతస్తులో, ఫిజిక్సు చెప్పేవాడు. అక్కాబావలతోనే ఉండేవాడు. పెళ్ళి మాట ఎత్తితే "పరిశోధన అవ్వనీ అక్కా" అనేవాడు. ఆ పరిశోధన మొదలుపెట్టినప్పుడు తలంతా నల్లగా ఉండేది. ఇప్పుడు నలుపెంత మిగిలిందో వెతుక్కోవాలి గానీ పరిశోధన మాత్రం పచ్చగానే ఉంది. వాళ్ళమ్మ, అంటే డాక్టరుకి అత్తగారు, మంచాన పడి వెనక గదిలో ఉన్నన్నాళ్ళూ ఆవిణ్ణి లేపడం, కూర్చోబెట్టడం, మందులు పొయ్యడం అన్నీ ఆ కొడుకే చూసుకున్నాడు. ఆవిడ పోయిననాడు ఇంటిల్లిపాదీ ఏడ్చారు, వాడు తప్ప. వారం తిరక్కుండా కాలేజీకి వెళ్ళి గుర్రం ముందు కూర్చున్నాడు. "గట్టివాడు" అన్నారు అందరూ. చావింటికి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి అనాలి కదా.

వాడి సమీకరణం రెండు పేజీలు. అన్ని గుర్తుల వెనకా ఉన్న సంగతి మాత్రం చిన్నదే. ఒక చక్రం వేగం అందుకుంటూ ఉంటుంది. దానికి తగిలించిన బరువు అటూ ఇటూ ఊగుతుంది. ఏ క్షణాన ఎంత ఊగుతుంది? అమ్మ పోయిన ఆ ఏడే గీత వచ్చింది. మొదట వెడల్పాటి అలలు. తర్వాత దగ్గర దగ్గరగా, ఇరుగ్గా, తొక్కిసలాటగా. ఆ తొక్కిసలాట నడిమధ్యన, ఎవరో చెయ్యెత్తి ఆపినట్టు, గీత నిమ్మళించింది. గాలి లేని చెరువులా మెల్లగా, విశాలంగా. కాసేపు అలా ఉండి మళ్ళీ తొక్కిసలాట.

బావమరిది కాగితం పట్టుకుని మెట్లు దిగొచ్చాడు. "బావా, ఇదేదో జబ్బులా ఉంది. చూడు."

డాక్టరు చూశాడు. పాత మాటలు చెరిపాడు. రేడియన్లేనని చూశాడు. బ్రాకెట్లు జంటలుగా ఉన్నాయో లేదో లెక్కపెట్టాడు. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, "జబ్బేం లేదురా. గీత నీకంటే ఆరోగ్యంగా ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు.

ఇక చూస్కోండి. వాపును చూసి బలుపనుకోవడానికి మనిషొక్కడు చాలు. ఇక్కడ కాలేజీ మొత్తం తోడైంది. పరిశోధనకి పెద్దదిక్కుగా ఉన్న పెద్దసారు ఆ నిమ్మళానికి "మధ్యంతర ప్రశాంతి" అని పేరు పెట్టాడు. పేరు పెట్టాక బిడ్డ లేదంటే ఎవరూరుకుంటారు? కాలేజీ గొప్పలు చెప్పే పుస్తకం అట్ట మీద ఆ గీత ఎక్కింది. డాక్టరుగారి ఇంట్లో హాలు గోడకి ఫ్రేము కట్టించుకుని ఎక్కింది. ఇంటికొచ్చినవాళ్ళకి అక్కగారు చూపించేది. "మా తమ్ముడు కనిపెట్టాడు. ఇదిగో, ఇక్కడ ప్రశాంతంగా ఉంది చూశారా, అదీ!" వచ్చినవాళ్ళు తల ఊపి, కుర్చీ ఎటుందో చూసుకునేవాళ్ళు.

ఇంత జరిగాక పరిశోధన గ్రంథం పూర్తవకుండా ఎలా ఉంటుంది? పూర్తయింది. దాన్ని చదివి, వాణ్ణి నలుగురి ముందూ ప్రశ్నలడిగి, డాక్టరేట్ ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఇంకో కాలేజీ నుంచి బయటి సారు ఒకాయన వస్తున్నాడు. సరిగ్గా ఆ వారమే కంప్యూటర్ గదికి రంగుల ప్రింటరుతో సహా కొత్త కంప్యూటర్ దిగింది.

"బావా, ఆ గీతని రంగుల్లో పెద్దగా వేసి పెట్టవూ?" అన్నాడు బావమరిది.

"నీకంటేనా" అని డాక్టరు ఆ రెండు పేజీల సమీకరణాన్ని కొత్తదానిలో కొట్టి మీట నొక్కాడు.

నల్లటి పట్టీ వచ్చింది. ఎడమవైపు నాలుగు అలలు కనిపించాయి, అంతే. అక్కణ్ణుంచి కుడి అంచు దాకా బొగ్గు నూరి చేత్తో పులిమినట్టు నలుపు. చెరువు లేదు, నిమ్మళం లేదు, ప్రశాంతి ఆనవాలు కూడా లేదు.

డాక్టరు నవ్వుకున్నాడు. కొత్తది కదా, ఇంకా ఇంటి పద్ధతులు తెలీవు. పాత మాటలు చెరిపాడు. రేడియన్లు చూశాడు. బ్రాకెట్లు లెక్కపెట్టాడు. నలుపు. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ లేపాడు. నలుపు. తీగలు పీకి గుచ్చాడు. రంగు మార్చి చూశాడు. ఎర్రటి నలుపు. అమ్మినవాడికి ఫోన్ చేసి నాసిరకం సరుకు అంటగట్టావని దులిపేశాడు. అవతలివాడు "ఏం పాడైంది సార్?" అంటే "ప్రశాంతి రావట్లేదయ్యా!" అని అరిచాడు. అవతలివాడు "ఇక్కడా అంతే సార్" అని ఫోన్ పెట్టేశాడు.

ఆఖరికి విసుగొచ్చి, బాగున్నదానికీ బాగోలేనిదానికీ తేడా ఏమిటో చూద్దామని గుర్రం పొట్ట తెరిచాడు. మొదటి ఫైలులో, మొదటి వరసలో, తను రాసిన లైను తనకే ఎదురొచ్చింది. ఇవి కొన్ని చుక్కలు చాలు.

దొంగకి తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

చుక్కల మధ్య ఏముందో సాఫ్ట్‌వేర్‌కి తెలీదని అందరికీ చెప్పే మనిషికి తన చుక్కలు గుర్తే రాలేదు. చక్రం వేగం అందుకుంటూ పోయింది. ఒకచోట దాని ఊపు సరిగ్గా చుక్కలు పడే వరసతో సమమైంది. ఒక ఊపు మొత్తం పూర్తయి బరువు మళ్ళీ అక్కడికొచ్చేసరికి ఇంకో చుక్క పడింది. ప్రతిసారీ బరువు అక్కడే కనిపించింది. కదలట్లేదని గీత రాసుకుంది. రోజూ పన్నెండింటికే గడియారం చూసేవాడికి ముళ్ళు కదిలినట్టెలా తెలుస్తుంది?

డాక్టరుకి ఎన్ని లోపాలున్నా, జబ్బు కనిపెడితే నోట్లో ఆగదు. ముందు పెద్దసారు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, ఆ ప్రశాంతి నిజం కాదండీ. చుక్కలు చాలక అలా కనిపించింది."

పెద్దసారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎన్ని చుక్కలు కావాలో సాఫ్ట్‌వేరే అడగదూ?"

"అడగదండీ. మనం ఎన్ని పెడితే అన్నిటితో సరిపెట్టుకుంటుంది."

"అంత సర్దుకుపోయేదాన్ని నువ్వెందుకయ్యా కెలుకుతావ్? అట్ట మీద అచ్చయిపోయింది. బయటి సారు మెచ్చుకుంటూ ముందే ఉత్తరం రాశాడు. ఆరోజు పాత మెషీన్ పెట్టు. కొత్తదానికి పాపం ఇంకా అనుభవం చాలదు."

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"ట్యూబులైటు కింద ఫాను చూశావా ఎప్పుడైనా?" అన్నాడు డాక్టరు. "వేగం అందుకుంటుంటే ఒక్క క్షణం రెక్కలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. నిలబడతాయా?"

"నిలబడవు."

"మీ తమ్ముడు కనిపెట్టింది అదే."

కత్తి ఆగింది. "అంటే మా వాడు ఫాను చూసి బోల్తా పడ్డాడంటారు."

"వాడొక్కడేనా? నేనూ పడ్డాను. అందరం పడ్డాం."

"అందరూ పడితే అది పడ్డమెలా అవుతుందండీ? ఇన్నాళ్ళు లేనిది, మా వాడికి పేరొచ్చే వేళకి మీకు చుక్కలు కనిపించాయా? మావాళ్ళు ఒక్క మెట్టెక్కితే మీరు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు. నాకు తెలీదా? పై అంతస్తులో కుర్చీ దొరకలేదన్న బాధ మీకెప్పుడు పోయింది గనక!"

"అది నేనెప్పుడో మర్చిపోయాను."

"ఇవాళ ఇంకా అనలేదేంటా అనుకుంటున్నా."

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో బావమరిది నించుని ఉన్నాడు. ఎంతసేపయిందో తెలీదు. కాళ్ళు కడుక్కుని, వడ్డించింది తిని, కంచం కడిగి బోర్లించి, అక్క అడిగితే "బానే ఉన్నానక్కా" అని వెళ్ళి పడుకున్నాడు. ఏడాదిగా వాడి పద్ధతే అది. ఎప్పుడడిగినా బానే ఉన్నాడు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ గది ముందు ఇద్దరు పిల్లలు కాగితాలు పట్టుకుని నించుంటే, వాళ్ళ వెనక బావమరిది నించున్నాడు. తన వంతు వచ్చాకే లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చూపించు బావా."

డాక్టరు గుర్రం మీదే చూపించాడు. సమీకరణం ముట్టుకోలేదు. చుక్కలు పెంచలేదు. చూసే కాలాన్ని మాత్రం కొంచెం పొడిగించాడు. మీట నొక్కితే ప్రశాంతి వచ్చింది గానీ ముందున్నచోట లేదు, ఎడమకి జరిగి కూర్చుంది. ఇంకొంచెం పొడిగిస్తే ఇంకా జరిగింది. తగ్గిస్తే కుడికి పారిపోయింది.

"కిటికీ వెడల్పు చేస్తే ఎదురింటి గోడ జరుగుతుందంట్రా?" అన్నాడు డాక్టరు. గొంతులో మామూలు గొప్ప లేదు. "నిజంగా ఉన్నదైతే కదలకూడదు."

బావమరిది చాలాసేపు తెర వంక చూశాడు. "ఆ ఏడు నాకు నిమ్మళంగా కనిపించింది ఇదొక్కటే బావా" అన్నాడు. "రోజూ పొద్దున్నే వచ్చి ఒకసారి గీయించుకుని, చూసుకుని, అప్పుడు క్లాసుకెళ్ళేవాణ్ణి."

డాక్టరు స్క్రూడ్రైవర్ తీసి, దేనికో తెలీక మళ్ళీ పెట్టేశాడు. కాసేపటికి జాలి పుట్టుకొచ్చింది. ఆయన జాలి ఎప్పుడూ అబద్ధం వేషంలోనే వచ్చేది.

"ఒరేయ్, పోనీ ఆ లైను కొత్తదాన్లో కూడా పెట్టేస్తాను. ఎవరికి తెలుస్తుంది? ఇన్నాళ్ళు ఎవడడిగాడు? నీ డాక్టరేట్ నీ చేతికొచ్చాక తీరిగ్గా చెరుపుకుందాం."

"అక్కతో నిన్న వేరేలా అన్నావ్."

"నిన్న వేరు."

"బయటి సారు ముందు రెండు మెషీన్లూ పెట్టు బావా" అన్నాడు వాడు లేస్తూ. "ఏది చూపించమంటానో నాకే తెలీదు. అప్పుడు చూద్దాం."

ఆరోజు రానే వచ్చింది. పెద్ద గదిలో ముందు వరసలో ప్రిన్సిపాల్, పెద్దసారు, మధ్యలో బయటి సారు. అక్కగారు కూడా మంచి చీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది, మొగుడి మొహం కనపడకుండా. డాక్టరు మూల బల్ల దగ్గర రెండు మెషీన్ల మధ్య, ఇద్దరు పెళ్ళాలవాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు.

బయటి సారు హుషారుగా ఉన్నాడు. తిరుగు రైలుకి ముందే టికెట్టు తీసుకున్న మనిషికి ఎప్పుడూ హుషారే. "ఏదీ, ఆ ప్రశాంతి ఏదో కళ్ళారా చూపించండి" అన్నాడు.

పెద్దసారు డాక్టరు వైపు తిరిగి, పాతదే పాతదే అని పెదాలతో చెప్పాడు. డాక్టరు చెయ్యి పాతదాని మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. బావమరిది వంక చూశాడు. ఒక్క మీట. నొక్కితే ఈ సాయంత్రానికి వాడు డాక్టరు. ఇంట్లో తనకి మర్యాద. ఫ్రేము గోడ మీదే ఉంటుంది.

"కొత్తది పెట్టు బావా."

అంతమంది పెద్దల్లో బావా అనేసరికి ప్రిన్సిపాల్ దగ్గాడు. తెర మీద నల్లటి పట్టీ పడింది.

"ఇదేమిటి?" అన్నాడు బయటి సారు. "మసి గుడ్డ పరిచినట్టుంది."

"ఇదే నిజం సార్. నేను రాసిన ప్రశాంతి చుక్కలు చాలక కనిపించిన భ్రమ." అని బావమరిది ఉన్నదున్నట్టు చెప్పాడు. పాతదాంట్లో కాలం మార్పించి ప్రశాంతిని అటూ ఇటూ పరిగెత్తించాడు కూడా. చెప్పడం అయ్యేసరికి చేతిలో సుద్దముక్క పొడయింది.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది బయటి సారు. "కానీ నేను రిపోర్టులో అపూర్వం అని రాసేశానే" అన్నాడు, పొయ్యి మీద పాలు మర్చిపోయి వచ్చినవాడిలా.

"అపూర్వమేనండీ" అన్నాడు డాక్టరు మూలనుంచి, నోరాగక. "మునుపూ లేదు, ఇప్పుడూ లేదు."

పెద్దసారు కళ్ళతోనే ఆయన్ని కాల్చేసి, బయటి సారుతో నెమ్మదిగా, "పాత మెషీన్లో వస్తున్న మాట నిజమే కదండీ. పాత మెషీన్లలో మధ్యంతర ప్రశాంతి అని పేరు కొంచెం మార్చుకుంటే..." అన్నాడు. బయటి సారు గడియారం చూసుకుని, దానికీ సిద్ధపడ్డాడు. సిద్ధపడనిది బావమరిది ఒక్కడే.

"లేనిదాన్ని నేను కనిపెట్టలేదు సార్. వెనక్కి ఇచ్చేయండి. ఏదైనా ఉంటే మళ్ళీ రాసుకొస్తాను."

ఉన్నదాన్ని కనిపెట్టినవాడికి డాక్టరేట్ ఇస్తారు. లేనిదాన్ని ఉందన్నవాడికీ అప్పుడప్పుడూ ఇస్తారు. ఉందనుకున్నది లేదని తేల్చినవాడికి ఇచ్చే ఆచారం ఆ కాలేజీలో లేదు. గ్రంథం వెనక్కి వచ్చింది. అట్ట మీది గీత మాత్రం అట్టే ఉంచారు, పుస్తకాలు చాలా మిగిలాయి గనక. కింద పేరు మీద తెల్లకాగితం ముక్క అంటించి "అలల చిత్రం" అని రాయించారు.

ఆ సాయంత్రమే డాక్టరు గుర్రం పొట్టలోంచి తన లైను పీకేశాడు. వెంటనే పై అంతస్తు నుంచి ఒక్కొక్కరే దిగొచ్చారు. "పొద్దుటిదాకా మా గీత ముచ్చటగా ఉండేదండీ. మీరేదో చేశారు, బొచ్చు లేచినట్టు వస్తోంది. మునుపటిలా చేసి పెట్టండి" అని. ఒకాయనైతే చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నా డాక్టరేట్ పరీక్ష వచ్చే నెలలో ఉంది, అప్పటిదాకా" అన్నాడు. జబ్బు నయం చేస్తే తిట్టించుకున్న డాక్టరు లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. ఎవరికీ జవాబు చెప్పకుండా తలుపేసుకుని ఇంటికి బయల్దేరాడు.

ఇంటికెళ్ళేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ హాల్లో ఉన్నారు. అక్కగారు చీర కూడా మార్చుకోలేదు. మొగుణ్ణి చూడగానే, "వచ్చారా? కడుపు నిండిందా?" అంది.

"అక్కా, బావనేం అనకు" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"అనను లేరా. నువ్వు పడుకో, అలిసిపోయావు. బానే ఉన్నావా?"

రోజూ అడిగే మాటే. రోజూ చెప్పే జవాబు కోసం వాడు నోరు తెరిచాడు. ఏమైందో ఏమో, జవాబు రాలేదు. అరుపు వచ్చింది.

"బానే ఎలా ఉంటానక్కా? ఎలా ఉంటాను? ఏడాది పాటు లేనిదాన్ని చూసి మురిసిపోయాను! నీ గుర్రం సవారీకి నేనే దొరికానా బావా? కొన్ని చుక్కలు చాలని ఎవడు చెప్పాడు నీకు? గీత ఆరోగ్యంగా ఉందని పెద్ద డాక్టర్లా చెప్పావే, ఒక్కసారి, ఒక్కసారి నీ లైను గుర్తు రాలేదా?"

"రాలేదురా" అన్నాడు డాక్టరు.

"రాదు! ఎందుకొస్తుంది! మెచ్చుకోలు మాత్రం రోజూ గుర్తొస్తుంది! ఇంకా అమ్మ గదికి తాళమెందుకేశారు? నన్నడిగారా?"

అక్కగారు బిత్తరపోయింది. "నువ్వేగదరా వెయ్యమంది!"

"వెయ్యమంటే వేసేస్తారా? ఆ మంచం ఏమైందో, ఆ మందుసీసాలు ఏమయ్యాయో... నేనెలా ఉన్నానని ఒక్కళ్ళయినా అడిగారా ఈ ఇంట్లో?"

"అడగలేదంట్రా? రోజూ అన్నం దగ్గర అడుగుతూనే ఉన్నా! బానే ఉన్నానని నువ్వే కదరా అన్నావ్!"

"అన్నం దగ్గరే అడిగావక్కా! రోజూ ఆ ఒక్క వేళకే చూస్తే నిమ్మళంగానే కనిపిస్తాను!" అని వాడు గోడకి జారగిలబడి, మోకాళ్ళ మీద తలపెట్టుకుని, పసిపిల్లాడిలా భోరుమన్నాడు.

భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దర్లో ఎవరికీ ఎగతాళి మాట దొరకలేదు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అక్కగారు వెళ్ళి తమ్ముడి పక్కన నేల మీద కూలబడి, తనూ ఏడుపు మొదలుపెట్టింది. డాక్టరు మాత్రం ఏదో ఒకటి సరిచెయ్యకుండా ఉండలేని మనిషి కనక, తాళంచెవి వెతికి వెనక గది తెరిచాడు. కిటికీ రెక్కలు తోశాడు. మంచం మీది పరుపు ఎత్తి దులపబోతే దుమ్ము లేచి తుమ్ములు పట్టుకున్నాయి.

"అలా కాదు!" అని వాడు ఏడుస్తూనే వచ్చి అరిచాడు. "అమ్మ పరుపు అలా లాగుతావా? అంచు చినుగుతుంది. రెండు చేతులా పట్టుకో."

"పట్టుకున్నాలేరా, నువ్వటు పట్టుకో ముందు."

"తల కిటికీ వైపుండాలి. గోడ వైపు కాదు."

"ఇన్నాళ్ళకి చెప్తున్నావా?"

"నువ్వు అడిగితేగా!"

గొడవ పరుపు దగ్గర మొదలై, దిండు దాకా వచ్చి, అక్కణ్ణుంచి పెళ్ళి చేసుకోమని పోరిన సంగతికీ, ఎప్పుడో విరగ్గొట్టిన సైకిలుకీ పాకింది. అక్కగారు ఇద్దర్నీ కసురుతూ, కళ్ళు తుడుచుకుంటూ, మందుసీసాలు ఒక గుడ్డలో మూటగట్టింది.

పక్కింటావిడ గోడ మీదనుంచి తొంగి చూసింది. "ఏంటమ్మా, మీ ఇంట్లో ఎప్పుడూ చడీచప్పుడూ ఉండదు. ఇవాళేంటి ఇంత గోల?"

"మా తమ్ముడండీ" అంది అక్కగారు. అదే చాలనుకుని, మూట పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.